అంబాసిడర్‌కి తుప్పు పూతలు: ఏ చోట ఏది వెయ్యాలి?

పాత అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో బాగు చేయిద్దామని టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్తే పది నిమిషాల్లో ఒక సలహా వచ్చేస్తుంది: "కింద మొత్తం నల్ల కోటింగ్ కొట్టించెయ్యండి సార్, ఇంక తుప్పు మాటే ఉండదు." ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే ఇంకో పది పేర్లు తగులుతాయి. రెడ్ ఆక్సైడ్, ఎపాక్సీ, జింక్, రస్ట్ కన్వర్టర్, పీఓఆర్-15, కావిటీ వ్యాక్స్, పౌడర్ కోటింగ్. ఏ డబ్బా చదివినా తుప్పుకి అదే ఆఖరి మందు అన్నట్టు ఉంటుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, వీటిని ఒకే పనికి పోటీపడే సరుకులుగా చూస్తాం. ఇవి అలాంటివి కావు. శుభ్రంగా మెరిసే రేకు మీద పట్టేవి కొన్ని, తుప్పు మిగిలిన రేకు మీద మాత్రమే పట్టేవి కొన్ని, అసలు పెయింటే చేరలేని చోట పనిచేసేవి కొన్ని. కారు మొత్తానికి ఒకే పూత అని ఎవరైనా చెబితే వాళ్లు సరుకు అమ్ముతున్నారని అర్థం చేసుకోండి.

## డబ్బా కొనే ముందు అడగాల్సినవి

రేకు ఏ స్థితిలో ఉంది? స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. ఖంగుమంటే రేకు ఉంది. మొద్దుగా, మెత్తగా మోగితే లోపల పొరలు లేచాయి, లేదంటే పాత లప్పం ఉంది. అయస్కాంతం అంటుకోని చోట కూడా లప్పమే. వేలితో నొక్కితే దిగే రేకుకి ఏ పూతా పనికిరాదు. కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే. పూతల సంగతి ఆ తర్వాత.

కారులో అది ఏ చోటు? అంబాసిడర్ అసలు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. బెంగాల్‌లోని ఉత్తరపరా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైంది. జీపుకి ఉన్నట్టు దీనికి విడి ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. పద్మిని (ఫియట్ 1100) కూడా అంతే. తలుపుల కింద పొడుగ్గా పోయే డబ్బా గొట్టాలు, అంటే సిల్స్, పైకి అలంకారంలా కనిపించినా బండి వంగకుండా పట్టుకునేవి అవే. వాటి లోపలి గోడలకి ఫ్యాక్టరీలోనే సరైన పూత పడలేదు. ఇప్పుడు మీ బ్రష్ కూడా అక్కడికి చేరదు. ఈ కార్లని చంపేది ఆ లోపలి తుప్పే, బానెట్ మీద కనిపించే మచ్చ కాదు.

బండి ఏ ఊళ్లో ఉంటుంది? గాలిలో తేమ 60 శాతం దాటాక ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకుమించే ఉంటుంది. పైగా సముద్రపు గాలిలోని ఉప్పు రేకు మీద పేరుకుని, గాలిలోని తేమని తనే లాక్కుంటుంది. వాన పడకపోయినా రేకు తడిగానే ఉంటుందన్నమాట. హైదరాబాద్‌లో అంత బాధ లేదు. అక్కడ గండం వానాకాలంలో నిలిచే నీళ్లు, కార్పెట్ కింద ఆరని చెమ్మ.

మళ్లీ తుప్పు మొదలైతే మీకు కనబడుతుందా? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. నా మటుకు నాకు అన్నిటికన్నా ముందు వచ్చేది ఇదే. ఏ పూతైనా ఎక్కడో ఒకచోట ఎప్పుడో ఓడిపోతుంది. ఓడినప్పుడు బయటికి చెప్పే పూత మంచిది. ఓడి కూడా పైకి నిగనిగలాడే పూత ప్రమాదం.

వేసేది ఎవరు, ఎక్కడ? కంప్రెసర్, గాలి ఆడే చోటు, సరైన మాస్కు లేకుండా కొన్ని పూతల జోలికి పోకూడదు. దాని గురించి ఆయా చోట్ల చెబుతాను.

## ముందు తుప్పు తియ్యాలి, అది సగం పని

పూత ఎంత ఖరీదైనదైనా కింద రేకు సిద్ధంగా లేకపోతే ఊడిపోతుంది. డబ్బు తక్కువగా ఉంటే పూతలో తగ్గించుకోండి గానీ శుభ్రం చేయడంలో తగ్గించకండి.

తీసేసే మార్గాల్లో బ్లాస్టింగ్ (ఇసుకలాంటి పొడిని గాలి జోరుతో కొట్టి తుప్పు రాల్చడం) వేగమైనది. ఫ్లోరు, చక్రాల గూళ్లు, సస్పెన్షన్ ముక్కలకి అదే సరి. బానెట్, టాప్, తలుపుల పై రేకు లాంటి వెడల్పాటి పలకల మీద ఇసుక జోరుగా కొడితే రేకు సాగి అలలు తేలుతుంది. అక్కడ పెయింట్ రిమూవర్, ఎమరీ డిస్కులే మేలు. బ్లాస్టింగ్‌కి సముద్రపు ఇసుక వాడే షెడ్డు కనిపిస్తే బండి వెనక్కి తిప్పుకోండి. ఉప్పుని రేకులోకి దిగ్గొట్టించుకోవడమే అవుతుంది. మామూలు ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకి సిలికోసిస్ తెస్తుంది కూడా. తీరపు ఖనిజపు ఇసుకలో దొరికే ఎర్రటి గార్నెట్‌ని వేరుచేసి, కడిగి, జల్లించి బ్లాస్టింగ్ కోసం అమ్ముతారు. అది అడగండి.

విడదీయగల చిన్న ముక్కలకి, అంటే బ్రాకెట్లు, హింజీలు, పోత ఇనుప భాగాలకి, చెరకు మొలాసిస్ నానబెట్టడం చవకైన దారి. మొలాసిస్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు. రెండు మూడు వారాల్లో తుప్పు కరిగి, బూడిదరంగు ఇనుము బయటపడుతుంది. కంపు మాత్రం భరించాలి. అల్యూమినియం ముక్క అందులో వెయ్యకండి, తినేస్తుంది.

బ్లాస్టింగ్ అయిన రేకు చాలా ఆకలిగా ఉంటుంది. తీరప్రాంతంలో ఉదయం బ్లాస్ట్ చేస్తే సాయంత్రానికి నారింజరంగు పొడి తేలుతుంది. చెమట చేత్తో ముట్టుకుంటే వేలిముద్రల ఆకారంలోనే తుప్పు వస్తుంది. కాబట్టి చేతి తొడుగులతో పట్టుకుని, డీగ్రీజర్‌తో (జిడ్డు తీసే ద్రావకం) తుడిచి, అదే రోజు ప్రైమర్ పడేలా పెయింటర్‌తో ముందే మాట్లాడుకోండి. బ్లాస్టింగ్ ఒక ఊళ్లో, పెయింటింగ్ వారం తర్వాత ఇంకో ఊళ్లో అనే ఏర్పాటు తీరంలో నడవదు.

## ఒక్కో పూత సంగతి

రెడ్ ఆక్సైడ్. కిటికీ ఊచలకి, గేట్లకి వేసే అలవాటు కొద్దీ కార్లకి కూడా పూసేస్తారు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, బ్రష్‌తో వేసుకోవచ్చు. కానీ మామూలు రెడ్ ఆక్సైడ్ పొర నీటిని ఆపదు. పైన పెయింట్ పడేదాకా కాపు కాయడమే దాని పని. ప్రైమర్ కొట్టి బండిని ఒక వానాకాలం ఆరుబయట వదిలేస్తే, పొర కింద తుప్పు నడుస్తూనే ఉంటుంది. రంగు కూడా తుప్పు రంగే కాబట్టి ఆ విషయం మీకు తెలియదు. జింక్ క్రోమేట్ కలిపిన రకం కాస్త గట్టిది. అయితే క్రోమేట్ క్యాన్సర్ కారకం, దాన్ని ఎండుగా రుద్ది దుమ్ము లేపకూడదు. కారు బాడీకి ఈ రోజుల్లో రెడ్ ఆక్సైడ్ అవసరం లేదని నా అభిప్రాయం. జాకీ స్టాండుకి వేసుకోండి.

ఎపాక్సీ ప్రైమర్. శుభ్రమైన రేకుకి ఇంతకన్నా మంచి పునాది లేదు. రెండు డబ్బాలు, ప్రైమరూ హార్డనరూ, కలిపి స్ప్రే చేసే రకం. ఆరాక నీటిని, గాలిని బాగా అడ్డుకుంటుంది. దీని మీదే లప్పం పెట్టాలి. మన షెడ్లలో లప్పం నేరుగా రేకు మీద పెట్టి, పైన ప్రైమర్ కొడతారు. పాలిస్టర్ లప్పం చెమ్మ పీలుస్తుంది. రేకుకీ లప్పానికీ మధ్య ఎపాక్సీ ఉంటే ఆ చెమ్మ రేకుని చేరదు. పెయింటర్ ఇలా చేయడం తనకి అలవాటు లేదంటాడు. పట్టుబట్టండి.

దీనితో పేచీలు కూడా ఉన్నాయి. తేమ 85 శాతం దాటిన రోజున కొట్టకూడదు. రేకు ఉష్ణోగ్రత, గాలి మంచుబిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, లేకపోతే కంటికి కనిపించని తడి మీద కొట్టినట్టే. తేమ ఎక్కువైతే పైన జిగురులాంటి మైనపు పొర తేలుతుంది, దాన్ని నీళ్లతో కడిగితే గానీ పై పూత పట్టదు. ఎండకి పొడిపొడిగా రాలుతుంది, కాబట్టి పైన రంగు తప్పదు. డబ్బా మీద చెప్పిన గడువు దాటాక రెండో కోటు వేస్తే ముందు వాటర్ పేపర్ పట్టాలి.

ఎంత కొనాలన్నది చాలామంది అడుగుతారు. ఘనపదార్థం 50 శాతం ఉన్న ప్రైమర్ లీటరుకి, 50 మైక్రాన్ల మందంలో, లెక్క ప్రకారం 10 చదరపు మీటర్లు రావాలి. స్ప్రేలో గాలికి పోయేది తీసేసి 6 అనుకుంటే సరుకు మధ్యలో అయిపోదు.

ఎచ్ ప్రైమర్. కొద్దిగా యాసిడ్ ఉండి రేకుని కొరికి పట్టుకునే పల్చటి పూత. అల్యూమినియం మీద, జింక్ పూసిన రేకు మీద బాగుంటుంది. దానంతట అది తుప్పుని ఆపదు. దీని మీద ఎపాక్సీ వేయవచ్చని తయారీదారు రాసి ఉంటే తప్ప రెండూ కలపకండి. ఎపాక్సీ ఉన్నవాళ్లకి ఇది అక్కర్లేదు.

రస్ట్ కన్వర్టర్. గుంటల్లో దిగి రాకుండా మిగిలిపోయిన పల్చటి తుప్పుకి ఇది మందు. రెండు రకాలు. ఫాస్ఫారిక్ యాసిడ్ రకం తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. టానిక్ యాసిడ్ రకం నీలి నలుపు పొరగా మారుస్తుంది. కలంకారీ తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. కరక్కాయలో నానబెట్టిన గుడ్డ మీద, బెల్లం నీళ్లలో ఊరవేసిన ఇనుప ద్రావకంతో గీస్తే నల్లగా తేలేది ఇదే రసాయనం వల్ల. డబ్బాలో ఉన్నది కూడా ఇనుముని టానిన్‌తో కట్టిపడేసే పనే.

అది పైపొరనే కడుతుందని మరిచిపోకూడదు. పొరలు పొరలుగా లేచిన తుప్పు మీద పోస్తే పైపొర నల్లబడుతుంది, అడుగు అలాగే ఉంటుంది. వైర్ బ్రష్‌తో రాలిపోయేదంతా రాలాక మిగిలినదాని మీదే వాడండి. ఇంకో జాగ్రత్త: యాసిడ్ రకం వాడి సరిగా కడగకుండా పైన ఎపాక్సీ కొడితే, మిగిలిన యాసిడ్ హార్డనర్‌తో గొడవపడి ఎపాక్సీ అట్టలా లేచిపోతుంది. రెండూ కలిపి వాడాలంటే కడిగి, ఆరబెట్టి, ఎమరీ పట్టి వెళ్లాలి. లేదా ఒకే కంపెనీ జతగా ఇచ్చినవి తీసుకోవాలి.

తుప్పు మీదే పట్టే యూరథేన్ (పీఓఆర్-15 లాంటివి). గాలిలోని తేమతో గట్టిపడే రకం. చిన్న గుంటలు పడిన గరుకు ఇనుము మీద రాయిలా బిగుస్తుంది. చిత్రమేమిటంటే మెరిసే నున్నటి కొత్త రేకు మీద అదే పూత రేకుల్లా ఊడిపోతుంది. కొత్తగా వెల్డింగ్ చేసిన ఫ్లోరుకి దీన్ని పూసి తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పట్టు ఉండాలంటే అదే కంపెనీ అమ్మే మెటల్ ప్రెప్ అనే ద్రావణం వాడి ఉపరితలాన్ని కొరికించాలి.

సముద్రతీరంలో తేమ ఎక్కువ కాబట్టి ఇది త్వరగా గట్టిపడుతుంది. మందంగా పూస్తే లోపల పుట్టే కార్బన్ డయాక్సైడ్ బుడగలు కట్టి సూదిబెజ్జాలు మిగులుస్తుంది. పల్చగా రెండు కోట్లు, మొదటిది వేలికి జిగురుగా తగులుతుండగానే రెండోది. ఎండ పడితే పాడవుతుంది, పైన రంగు ఉండాలి. చేతికి అంటితే చర్మం పొర రాలేదాకా పోదు. డబ్బా అంచుకి అంటిన చుక్క ఎండితే మూత ఇక రాదు, అందుకే చిన్న డబ్బాలు కొనండి, మూత కింద ప్లాస్టిక్ కవరు వేయండి. ఇందులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. బ్రష్‌తో గాలి ఆడే చోట వేసుకోవడం వేరు. స్ప్రే చేయాలంటే మాత్రం గుడ్డ మాస్కు, మామూలు కార్బన్ మాస్కు చాలవు, బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. ఒకసారి ఐసోసయనేట్ పడని ఒళ్లయితే ఉబ్బసం జీవితాంతం వెంటాడుతుంది. పై రంగుకి వాడే టూ-కె (హార్డనర్ కలిపి కొట్టే) పెయింట్లకి కూడా ఇదే మాట వర్తిస్తుంది.

జింక్ ప్రైమర్. ఇనుము బదులు జింక్ తనే తరిగిపోయి కాపాడుతుంది. గీత పడినా ఆ చుట్టుపక్కల కొంతకాలం కాపుంటుంది, మిగతా పూతలకి లేని గుణం అది. కానీ జింక్ కణాలు నేరుగా ఇనుముని తాకాలి. మధ్యలో తుప్పున్నా, పాత పెయింటున్నా మామూలు బూడిదరంగు పెయింటుతో సమానం. రెండు రేకులు ఒకదాని మీదొకటి వచ్చే అతుకుల్లో, వెల్డింగ్‌కి ముందు వేసే వెల్డ్-త్రూ జింక్ ప్రైమర్ చాలా విలువైనది. ఆ సందులోకి తర్వాత ఇంకేమీ వెళ్లదు. వెల్డింగ్ పొగ పీల్చకండి, జింక్ పొగ జ్వరం తెప్పిస్తుంది.

నల్ల అండర్‌బాడీ కోటింగ్ (తారు, రబ్బరు రకాలు). షెడ్డువాళ్లకి ఇష్టమైనది. గంటలో బండి అడుగు కొత్తదిలా కనిపిస్తుంది. రాళ్ల దెబ్బ ఆపుతుంది, చప్పుడు తగ్గిస్తుంది, అంతవరకూ నిజం. కొన్నేళ్లకి అది బిరుసెక్కి అంచుల్లో సన్నగా పగులుతుంది. ఆ పగులులోంచి నీళ్లు పోతాయి, బయటికి రావు. పాత కోటింగ్ ఉన్న బండి ఏదైనా ఎత్తి, చక్రం గూడు అంచున లప్పం బద్ద దూర్చి చూడండి. నల్లటి పట్టు చాపలా లేచి వస్తుంది, దాని లోపలివైపు గోధుమరంగు పొరలు అంటుకుని ఉంటాయి, వేలితో ముడితే చెమ్మగా తగులుతుంది. బయట మాత్రం ఒక్క మచ్చ ఉండదు. పైన పటారం, లోన లొటారం.

దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. శుభ్రం చేసి ఎపాక్సీ వేసిన రేకు మీద, చక్రాల గూళ్ల వరకు, పైన రంగు పట్టే పాలియూరథేన్ రకం స్టోన్-చిప్ కోటింగ్ వేస్తే మంచిదే. తుప్పు పట్టిన అడుగు మీద నేరుగా కొట్టడమే నేరం. అమ్మకానికి పెట్టిన పాత కారు అడుగున తాజా నల్ల కోటింగ్ కనిపిస్తే బేరం ఆపి, ఎందుకు కొట్టారో అడగండి.

కావిటీ వ్యాక్స్, లానోలిన్. ఒకే ఒక పూతకి డబ్బుంది అంటే నేను చెప్పేది ఇదే. సిల్స్, తలుపుల అడుగు, ముందు వెనక బాక్స్ సెక్షన్లు, డిక్కీ అంచులు. పొడుగాటి ట్యూబు చివర అన్నివైపులా చిమ్మే నాజిల్ పెట్టి, లోపలికి దూర్చి, వెనక్కి లాగుతూ కొడతారు. పల్చగా ఉన్నప్పుడు అతుకుల సందుల్లోకి పాకి, తర్వాత మెత్తటి మైనంలా నిలుస్తుంది. గట్టిపడి పగలదు. తుడిస్తే రేకు కనబడుతుంది. తుప్పు మళ్లీ మొదలైతే దాచదు.

లానోలిన్ అంటే గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు. దాని స్ప్రేలు ఇంకా మెత్తన, బాగా పాకుతాయి, కానీ త్వరగా కొట్టుకుపోతాయి. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే టొరంటో, డెట్రాయిట్ వైపు పాత కారు ఉంచుకున్న మనవాళ్లకి ఏడాదికోసారి ఈ స్ప్రే మామూలే. మన ఎండలకి అది జారిపోతుంది. విజయవాడ, రామగుండం లాంటి చోట మే నెలలో ఎండలో నిలిపిన కారు సిల్ లోపల సెగ ఎక్కువ. వేడి తట్టుకునే రకం అని రాసి ఉన్న వ్యాక్స్ తీసుకోండి. అయినా కొత్తలో కొన్ని చుక్కలు నేల మీద పడతాయి, గ్యారేజీలో అట్ట ముక్క పరచుకోండి. రెండు మూడేళ్లకోసారి మళ్లీ కొట్టాలి. చాలామందికి ఇదే బాధ. నాకైతే ఆ వంకతో బండి లోపల ఒకసారి చూసుకోవడం అవుతుంది.

పౌడర్ కోటింగ్, హాట్-డిప్ గాల్వనైజింగ్. పౌడర్ కోటింగ్‌లో పొడి రంగు చల్లి 180–200 డిగ్రీల ఓవెన్లో కాలుస్తారు. రిమ్ములు, సస్పెన్షన్ చేతులు, బ్రాకెట్లు అందంగా వస్తాయి. రాయి తగిలి పెచ్చు లేస్తే తుప్పు పొర కింద పాకుతుంది, టచప్ కుదరదు. బాడీ జోలికి తీసుకెళ్లొద్దు. గాల్వనైజింగ్‌లో ముక్కని సుమారు 450 డిగ్రీల కరిగిన జింక్‌లో ముంచుతారు. పాత జీపు ఛాసిస్‌కి, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి విడి ఛాసిస్ బండికి ఇది రాజయోగం. లోపలా బయటా జింక్ పడుతుంది. మూసి ఉన్న గొట్టాలకి గాలి పోయే రంధ్రాలు పెట్టకపోతే పేలే ప్రమాదం ఉంది, అది యార్డువాళ్లతో ముందే మాట్లాడాలి. పల్చటి బాడీ రేకు మాత్రం వంకర్లు పోతుంది.

డీజిల్, వాడేసిన ఇంజిన్ ఆయిల్. వాటర్ సర్వీసింగ్ అయ్యాక కింద డీజిల్ కొట్టించడం మన దగ్గర పాత ఆచారం. డీజిల్ కొంతకాలానికి ఆవిరైపోతుంది, ఆ లోపు దుమ్ముని పట్టి ఉంచుతుంది. వాడేసిన ఆయిల్ ఇంకా హానికరం. అందులో యాసిడ్లు, చర్మానికి చేటు చేసే పదార్థాలు ఉంటాయి, రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి. ఈ ఖర్చుకి కొంచెం కలిపితే లానోలిన్ స్ప్రే వస్తుంది.

## ఒక్కచోట చూసుకోవడానికి

| పూత | ఎలాంటి రేకు మీద | ఏ చోటుకి | ఎండ తగిలితే | తుప్పు మళ్లీ వస్తే కనబడుతుందా |
|---|---|---|---|---|
| రెడ్ ఆక్సైడ్ | శుభ్రమైనది | స్టాండ్లు, గేట్లు | పైన రంగు కావాలి | ఆలస్యంగా |
| ఎపాక్సీ | శుభ్రమైన, గరుకు రేకు | బాడీ మొత్తం, ఫ్లోరు | పొడి రాలుతుంది, రంగు కావాలి | పొక్కులుగా కనబడుతుంది |
| కన్వర్టర్ | పల్చటి తుప్పు మిగిలినది | గుంటలు, మూలలు | పైన పూత తప్పదు | పై పూతని బట్టి |
| యూరథేన్ | గరుకు, గుంటలు పడినది | ఫ్లోరు, ఛాసిస్ | రంగు కావాలి | అంచులు లేచినప్పుడే |
| జింక్ | మెరిసేదాకా తీసినది | వెల్డింగ్ అతుకులు | పైన రంగు మేలు | తెల్లటి పొడిగా |
| నల్ల కోటింగ్ | ఎపాక్సీ వేసినది మాత్రమే | చక్రాల గూళ్లు | బిరుసెక్కుతుంది | కనబడదు |
| కావిటీ వ్యాక్స్ | ఏదైనా, పొడిగా ఉంటే చాలు | సిల్స్, తలుపులు, డబ్బా భాగాలు | కరిగి కారవచ్చు | తుడిస్తే కనబడుతుంది |

## ఎవరికి ఏది

తీరంలో ఉండి, ఆదివారాలు బండి తీసేవాళ్లకి: తెరిచిన రేకంతా ఎపాక్సీ, అతుకుల్లో జింక్, లోపల వ్యాక్స్. అడుగున నల్ల కోటింగ్ బదులు ఎపాక్సీ మీద లేత బూడిదరంగు పెయింట్ వేయించండి. లేత రంగు మీద తుప్పు చుక్క టార్చి వేస్తే వెంటనే తెలుస్తుంది. బీచ్ రోడ్డులో తిరిగొచ్చిన రోజు అడుగు మంచినీళ్లతో కడగడం ఏ డబ్బా కన్నా తక్కువ ఖర్చు.

హైదరాబాద్‌లో షెడ్డులో పెట్టి ర్యాలీలకే తీసేవాళ్లకి: అందం ముఖ్యం కాబట్టి ఎపాక్సీ మీద మంచి పెయింట్. వ్యాక్స్ మీకూ కావాలి. కవరు కప్పి నెలల తరబడి ఉంచే కారులో చెమ్మ సిల్స్ లోపలే చేరుతుంది. ప్లాస్టిక్ కవరు కాకుండా గాలి ఆడే గుడ్డ కవరు వాడండి.

డబ్బు కొంచెం కొంచెంగా కూడబెట్టి విడతలుగా చేసేవాళ్లకి: బండి మొత్తం ఒకేసారి విప్పి బ్లాస్ట్ చేయించకండి. మెరిసే రేకుతో నెలల తరబడి కూర్చుంటే తుప్పు మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కో భాగం తీసి, శుభ్రం చేసి, ఎపాక్సీ వేసి పక్కన పెట్టండి. గుంటలు పడిన ఫ్లోరు లోపలివైపుకి యూరథేన్ బ్రష్‌తో మీరే వేసుకోవచ్చు. స్ప్రే గన్ లేనివాళ్లకి ఇదే దగ్గరి దారి.

ఇప్పుడే బాగు చేయించలేని, అలాగే ఆపి ఉంచిన కారుకి: కార్పెట్లు, కింద వేసిన ఫెల్టు తీసేసి ఎండబెట్టండి. నీళ్లు పోయే రంధ్రాలు తీగతో పొడిచి తెరవండి. లానోలిన్ కొట్టి వదిలేయండి. పెయింట్ కోసం తర్వాత బాగా కడగాల్సి వస్తుంది, అయినా ఆ లోపు రేకు మిగులుతుంది.

జీపువాళ్లకి: బాడీ దించే పని ఎలాగూ చేస్తున్నారు. దగ్గర్లో గాల్వనైజింగ్ యార్డు ఉంటే ఛాసిస్ అక్కడికే. లేకపోతే బ్లాస్టింగ్, ఎపాక్సీ, లోపల వ్యాక్స్.

## వరస తప్పితే వచ్చే చిక్కులు

వెల్డింగ్, ఎపాక్సీ, అతుకులకి సీమ్ సీలర్, లప్పం, సర్ఫేసర్ (రంగుకి ముందు నునుపు చేసే ప్రైమర్), రంగు, అన్నిటికీ చివర వ్యాక్స్. వ్యాక్స్ ముందే కొట్టేస్తే రెండు నష్టాలు. తర్వాత వెల్డింగ్ చేస్తే మంట అంటుకుంటుంది, పెయింట్ కొట్టేటప్పుడు ఆవిరి తగిలి రంగులో చేపకళ్లలా గుంటలు పడతాయి. సీమ్ సీలర్ బదులు బాత్రూముకి వాడే సిలికాన్ ట్యూబు కొట్టే షెడ్లున్నాయి. పుల్లటి వాసన వచ్చే ఆ రకం ఆరేటప్పుడు వదిలేది ఎసిటిక్ యాసిడ్, నేరుగా రేకుని తింటుంది. పైగా సిలికాన్ మీద రంగు పట్టదు.

వ్యాక్స్ కొట్టిన మర్నాడు తలుపుల అడుగున, సిల్స్ కింద ఉన్న నీటి రంధ్రాలన్నీ తీగతో మళ్లీ తెరవండి. చాలా తలుపులు కుళ్లేది మీదపడ్డ వానకి కాదు. అద్దం బీడింగు (రబ్బరు పట్టీ) పక్కనుంచి లోపలికి దిగిన నీళ్లు కింద పోయే దారి లేకనే. బీడింగు బిగుసుకుపోయి ఉంటే దాన్ని మార్చడం పూత ఖర్చులో భాగం అనుకోండి. ఆకు స్ప్రింగుల మధ్య పెయింట్ కొట్టకండి, అక్కడ గ్రీజు కావాలి. బ్రేకు గొట్టాలు, రబ్బరు బుష్షులు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ టేపుతో కప్పాకే కింద ఏదైనా స్ప్రే చేయాలి.

ఇంకొకటి, ఆర్టీవో పని ఉన్నవాళ్లకి. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాన్ని 'వింటేజ్' కింద నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకి ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఛాసిస్‌లోగాని, బాడీలోగాని, ఇంజిన్‌లోగాని పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కాబట్టి కుళ్లిన సిల్ మార్చేముందు, మార్చాక ఫోటోలు తీసి బిల్లులు దాచుకోండి. తనిఖీలో ఛాసిస్ నంబరుకి పెన్సిల్ ముద్ర తీస్తారు. ఆ పలక మీద, ఆ అంకెల మీద లప్పం గాని, నల్ల కోటింగ్ గాని, పౌడర్ గాని పడకుండా బ్లాస్టింగ్‌కి ముందే టేపు వేయించండి. బ్లాస్టింగ్ జోరుకి అంకెలు అరిగిపోతే వాటిని తిరిగి తెచ్చే పూత ఏదీ లేదు. ఆ చోటుకి చేత్తో తుడిచి, పల్చటి వ్యాక్స్ పూస్తే సరిపోతుంది.